సవరణ: కారు ఏసీలో గ్యాస్ ‘అయిపోవడం’ గురించి

కారు ఏసీ చల్లదనం తగ్గితే రెండేళ్లకోసారి గ్యాస్ నింపించుకుంటే సరిపోతుందని నేను ఇంతకుముందు రాసిన మాట తప్పు. ఆ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. సీళ్ల గుండా ఏళ్ల తరబడి కాస్త తగ్గడం మామూలే గాని, నింపించిన నెలకే వేడిగాలి వస్తుంటే మళ్లీ నింపించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) ఆయిలు కూడా లీకైన చోట బయటికి వస్తుంది కనుక, రేడియేటరుకు ముందుండే కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీలాంటి భాగం) మీద గాని, పైపుల అతుకుల దగ్గర గాని జిడ్డుగా దుమ్ము పట్టిన మరక కనబడితే ముందు అక్కడే అనుమానించాలి. నా కారులో అది కండెన్సర్ కింది మూలన రూపాయి బిళ్లంత ఉంది. బురద అనుకుని తుడిచేశాను.

గ్యాస్ పేరు ఆర్-22 అని రాయడం మరో పొరపాటు. అది ఇళ్లలోని పాత ఏసీలది. కార్లలో ఎక్కువగా వాడేది ఆర్-134ఎ, కొన్ని కొత్త మోడళ్లలో ఆర్-1234వైఎఫ్. ఏది, ఎన్ని గ్రాములు అన్నది సాధారణంగా బానెట్ కింది స్టిక్కరు మీద ఉంటుంది. లీకు సరిచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను లాగేసి, ఆ తూకం ప్రకారమే నింపమని మెకానిక్‌ను అడగాలి. ఎక్కువ నింపినా చల్లదనం తగ్గుతుంది.