పొగగొట్టం గారూ, మీ మీద ఫిర్యాదులొచ్చాయి

మహారాజశ్రీ గ్యాస్ హీటర్ పొగగొట్టం గారి సముఖమునకు,

హీటర్లు బిగించేవాళ్లం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, మీ అతుకుల దగ్గర తుప్పు చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ మీద అభియోగాలు చాలానే ఉన్నాయి. డబ్బు పోసి కొన్న వేడిని ఊరికే బయట పారబోస్తున్నారట. గది అందం చెడగొడుతున్నారట. హీటర్ వెలుగుతుంది, వెచ్చదనం ఇస్తుంది, మరి ఈ గొట్టం చేసేదేమిటి, గోడ పట్టుకుని వేలాడటం తప్ప అని అడుగుతున్నారు. మీరు మోసుకెళ్లే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కంటికి కనబడదు, ముక్కుకు తగలదు. కనబడని చాకిరీకి మెప్పెవరిస్తారు లెండి!

వేడి దొంగతనం సంగతి ముందు తేలుద్దాం. మీరు తీసుకెళ్లే ఆ కాస్త వేడి మీ కూలి. వేడి గాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది, ఆ లేవడమే హీటర్‌లోని మసిగాలిని గుంజి బయట పడేస్తుంది. ఆ కూలి కూడా ఎగ్గొడదామని మీ ఒంటికి రేకులు తగిలించి, చిన్న ఫ్యాను పెట్టి వేడిని గదిలోకి లాగే మేధావులున్నారు. కిలో ఎల్పీజీ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. మీరు చల్లబడితే ఆవిరి లోపలే నీరై, ఆమ్లగుణంతో రేకును తింటుంది. అతుకుల కింద కనబడే తెల్లటి చారలు ఆ నీటివే. చల్లటి అటక గుండా వెళ్లాల్సినచోట మీకు రెండు పొరల గొట్టం కావాలనేది ఇందుకే. అది దుబారా అంటారు, వినకండి.

90 శాతం పైన సామర్థ్యమున్న కండెన్సింగ్ హీటర్ల (ఆవిరిని కావాలనే నీరుగా మార్చి, ఆ వేడినీ వాడుకునేవి) దారి వేరు. అక్కడ నీరు పుట్టాల్సిందే. ఫ్యాను తోస్తుంది, గొట్టం వాలు హీటర్ వైపే ఉంటుంది, నీరు వెనక్కొచ్చి డ్రెయిన్‌లో పడుతుంది. ఫ్యాను లేని మామూలు రకంలోనూ వాలు అటే, కాకపోతే నీటి కోసం కాదు, వేడి గాలి పైకి లేవడం కోసం: హీటర్ నుంచి బయటికి వెళ్లేకొద్దీ అడుగుకు పావు అంగుళం చొప్పున లేవాలి. ఎనిమిది అడుగుల అడ్డ గొట్టమైతే చివర రెండు అంగుళాలు ఎత్తు. మధ్యలో బొజ్జలా కిందికి వేలాడనిచ్చి, సస్పెన్షన్ పట్టీల ఖర్చు మిగిల్చామనుకునేవాళ్లకు మా సాష్టాంగ నమస్కారం.

ఇక అందం. హీటర్ కాలర్ (గొట్టం తగిలించే మూతి) నాలుగు అంగుళాలుంటే, మూడంగుళాల గొట్టం సన్నగా, నాజూగ్గా ఉంటుందని కుదిస్తారు. నాజూకుకు కట్టే మూల్యం ఏమిటంటే, లోపలి దారి 44 శాతం తగ్గిపోతుంది. కాలర్ కన్నా సన్నగా చేయకూడదు. తరవాత మిమ్మల్ని దూలం పక్కనుంచి, అలమర వెనకనుంచి మూడు నాలుగు ఎల్బోలతో మెలికలు తిప్పుతారు. ఒక్కో మలుపూ లాగే బలాన్ని తింటుంది. నిట్టనిలువు ఎత్తులో నాలుగింట మూడు పాళ్లు, అంటే 75 శాతం కన్నా ఒంటిపొర అడ్డ గొట్టం పొడవు మించరాదు. ఒంటిపొర రేకు కలపకు ఆరు అంగుళాల దూరంలో ఉండాలి, ధ్రువీకరించిన రెండు పొరల రకానికి ఒక అంగుళం చాలు. ఒంటిపొర గొట్టాన్ని ఫాల్స్ సీలింగ్‌లో దాచడం మాత్రం ఎంతమంది బతిమాలినా చేయం. ఇవి అమెరికా గ్యాస్ కోడ్ ఎన్ఎఫ్‌పీఏ 54 లెక్కలు. హీటర్ తయారీదారు పుస్తకం గానీ, ఉన్నచోటి నిబంధన గానీ ఇంతకన్నా గట్టిగా చెబితే అదే చెల్లుతుంది.

ఒంటిపొర గొట్టంలో ఒక్కో అతుక్కి మూడు స్క్రూలు. టేపు కాదు, స్క్రూలు.

ఇంతా చేసి మీకు గాలి పెట్టరు. ఇది అన్నిటికన్నా పెద్ద అన్యాయం, ఎందుకంటే తప్పు గదిదయినా నింద మీ మీదికే వస్తుంది. ఒక ఘనపుటడుగు సహజవాయువు పూర్తిగా కాలడానికి దాదాపు పది ఘనపుటడుగుల గాలి కావాలి. చలికాలమొస్తే కిటికీ సందుల్లో రబ్బరు దూర్చి, తలుపు కింద గుడ్డ కుక్కి, హీటర్ పెడతారు. కోడ్ లెక్క ప్రకారం గంటకు వెయ్యి బీటీయూలకు (బీటీయూ అంటే వేడిని కొలిచే కొలత) 50 ఘనపుటడుగుల గది ఉండాలి. గంటకు 30,000 బీటీయూల హీటర్‌కు 1,500. పన్నెండు బై పన్నెండు గది, ఎనిమిదడుగుల ఎత్తు అయితే వచ్చేది 1,152. చాలదు. అప్పుడు పక్క గదిలోకి రెండు కన్నాలు తెరవాలి: ఒకటి పైకప్పుకు అడుగు లోపు, ఒకటి నేలకు అడుగు లోపు, ఒక్కొక్కటీ కనీసం 100 చదరపు అంగుళాలు. రెండు గదులూ కలిపి ఆ 1,500 దాటాలి సుమా. కన్నానికి చెక్క జాలీ బిగిస్తే అసలు తెరపి పావు వంతుగానే లెక్క కట్టాలి, లోహపు జాలీ అయితే ముప్పావు. ఈ లెక్క చూడకుండా అందమైన చెక్క చెక్కడం తగిలిస్తే కన్నం ఉన్నట్టే ఉంటుంది, గాలి ఉండదు.

పైగా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి. అది బలంగా లాగినప్పుడు ఇంటికి గాలి ఎక్కడో చోటినుంచి రావాలి కదా, మీ గొట్టం గుండానే వెనక్కి దిగొస్తుంది, మీరు బయట పెట్టిందంతా మోసుకుని మరీ. అందుకే బిగించిన రోజున తలుపులు, కిటికీలు మూసి, ఇంట్లో ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లన్నీ వేసి, హీటర్ అయిదు నిమిషాలు మండనిచ్చి, డ్రాఫ్ట్ హుడ్ (గొట్టం మొదట్లో గది గాలి లోపలికి వెళ్లే తెరపి) అంచు వెంట అగరొత్తి తిప్పుతాం. పొగ లోపలికి గుంజుకుపోవాలి. గదిలోకి పొర్లిందా, ఆ హీటర్‌ను ఆర్పేసి, వాల్వు కట్టేసి వస్తాం. ఇంటాయన మొహం మాడ్చినా సరే. (గ్యాస్ లీకు చూడటానికి మాత్రం సబ్బు నీళ్లే, అదీ అగరొత్తి వెలిగించకముందే.)

అతి ఘోరమైనది చెప్పడం మర్చిపోయేలా ఉన్నాం. మసిగాలి గదిలోకి పొర్లితే హీటర్‌ను ఆర్పేసే చిన్న స్పిల్ స్విచ్ ఒకటి మీ పక్కనే ఉంటుంది. అది రోజుకు రెండుసార్లు ఆర్పేస్తుంటే, మీరు మూసుకుపోయారేమో చూడాలి. చూడరు. స్విచ్ పాడైందని తేల్చి, రెండు వైర్లూ కలిపేసి, బాగైపోయింది చూశారా అంటారు. చాడీ చెప్పేవాడి నోరు మూయిస్తే ఇల్లు ప్రశాంతం.

ఆపైన ధైర్యం ఏమిటయ్యా అంటే, మా ఇంట్లో గ్యాస్ డిటెక్టర్ ఉందండీ అని. అది లీకైన గ్యాస్‌ను పట్టేది, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. గ్యాస్‌కు కలిపే ఘాటు వాసన కూడా మంటలో కాలిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు హిమోగ్లోబిన్‌ను అంటుకోవడంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా పట్టు. మొదట తలనొప్పి, వికారం. బయటికెళ్తే తగ్గుతుంది, ఇంటికొస్తే మళ్లీ మొదలు. ఇంట్లో అందరికీ ఒకేసారి అలా ఉంటే అది జ్వరం కాదు. ముందు అందరూ బయటికి, ఆ తరవాతే మిగతా ఆలోచన. మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర వేరేగా ఉండాలి. అమెరికా ప్రమాణం అలారమైతే 400 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 400 పాళ్లు) దగ్గర నాలుగు నుంచి పదిహేను నిమిషాల్లో మోగుతుంది, 70 దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. వెనక గడువు తేదీ ఉంటుంది. ఏటా బ్యాటరీ మారుస్తూ పదిహేనేళ్లు ఉంచేవాళ్లున్నారు.

సెలవు.

ఇట్లు,
భవదీయులు,
హీటర్లు బిగించేవాళ్లం

తా.క.: పక్షులు రాకుండా మీ నెత్తిన ఎవరో సన్న దోమతెర కట్టారు. మసి, సాలెగూళ్లు పట్టి సగం మూసుకుపోయింది. దాన్ని పీకేసి, గొట్టానికి సరిపోయే ధ్రువీకరించిన టోపీ పెట్టేదాకా హీటర్ వెలిగించవద్దని ఇంటివాళ్లకు చెప్పాం. వినకపోతే అన్న అనుమానంతో, షటాఫ్ వాల్వుకు ఎర్ర చీటీ కట్టాం.