డయానా తండ్రి జియస్ అన్న మాట ఎప్పటిది?

వండర్ వుమన్‌గా ప్రసిద్ధురాలైన కామిక్సు నాయిక డయానా గ్రీకు పురాణాల్లోనే దేవతల రాజు జియస్‌కూ, యోధస్త్రీల జాతి అయిన అమెజాన్ల రాణి హిప్పోలిటాకూ పుట్టిన కూతురనీ, ఆ పాత్రను సృష్టించిన రచయిత ఆ కథను ఉన్నదున్నట్టుగా కామిక్సులోకి తెచ్చుకున్నాడనీ, తల్లి మట్టితో బొమ్మ చేస్తే దేవత ప్రాణం పోసిందన్న వృత్తాంతం పిల్లల కోసం తరవాత తొడిగిన ముసుగు మాత్రమేననీ ఒక వాదన 2017 నాటి 'వండర్ వుమన్' సినిమా తరవాత విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. తండ్రి దేవుడు కాకపోతే ఆమెకు అంతటి బలం ఎలా వస్తుందన్న ప్రశ్నను కూడా దానికి రుజువుగా చేర్చి చెబుతున్నారు. ఈ వాదనలో కాలక్రమం దాదాపు పూర్తిగా తలకిందులైంది.

మొదట పురాణం సంగతి. మనకు దక్కిన గ్రీకు కథల్లో హిప్పోలిటాకు డయానా అనే కూతురు లేదు. థీసియస్ అనే వీరుడి వల్ల అమెజాన్ స్త్రీకి కలిగిన సంతానంగా కనిపించేది హిప్పోలిటస్ అనే కొడుకు. ఆ తల్లి పేరును కొందరు హిప్పోలిటా అనీ, మరికొందరు ఆంటియోపి అనీ చెప్పారు. డయానా అన్నది రోమన్ల వేటదేవత, చంద్రదేవత పేరు. ఆమెను గ్రీకుల ఆర్టెమిస్‌తో ఒకటిగా చూశారు కనుక, ఆర్టెమిస్ జియస్‌కూ లీటోకూ పుట్టిన బిడ్డ కనుక, "డయానా జియస్ కూతురు" అన్న వాక్యం ఆ దేవత విషయంలో నిజమే. పొరపాటల్లా ఆ దేవతనూ, ఆమె పేరు పెట్టుకున్న కామిక్సు నాయికనూ ఒకరే అనుకోవడం దగ్గర జరిగింది.

అమెజాన్లకు దేవతల రక్తసంబంధం అంటగట్టాలంటే పురాణం చూపించేది జియస్‌ను కాదు, యుద్ధదేవుడైన ఆరీస్‌ను. ప్రాచీన గ్రీకు కవి అపొలోనియస్ తన కావ్యంలో అమెజాన్లు ఆరీస్‌కూ, హార్మోనియా అనే వనదేవతకూ పుట్టినవారని చెప్పాడు. ట్రాయ్ యుద్ధానికి వచ్చిన పెంథెసిలియా ఆరీస్ కూతురు. హిప్పోలిటా ధరించిన నడికట్టు కూడా ఆరీస్ ఇచ్చినదే. దాన్ని తెమ్మని పంపడమే వీరుడు హెరాక్లీస్‌కు అప్పగించిన పనుల్లో తొమ్మిదోది. అపొలోడొరస్ పేరుతో ఉన్న గ్రంథం ప్రకారం రాణి ఆ నడికట్టును ఇచ్చేయడానికి ఒప్పుకుంది కూడా, కానీ జియస్ భార్య హీరా అమెజాన్ వేషంలో తిరిగి, రాణిని ఎత్తుకుపోతున్నారని పుకారు పుట్టించడంతో పోరు మొదలై, హిప్పోలిటా హెరాక్లీస్ చేతిలో హతమైంది. అమెజాన్లకు ఆరీస్ పుట్టుశత్రువన్న సినిమా ఊహ వంశపెద్దనే ప్రతినాయకుడిగా నిలబెట్టింది. ఇక సినిమాలో జియస్ మరుగుపరిచిన అమెజాన్ల ద్వీపం మాటకొస్తే, ప్రాచీనులు వాళ్ల నివాసంగా చెప్పిన థెమిస్కిరా ద్వీపమే కాదు. అది నల్లసముద్రపు దక్షిణ తీరాన, ఇప్పటి టర్కీలో, థెర్మోడాన్ నది దగ్గరిది. కామిక్సులో మొదట ఉన్న పేరు ప్యారడైజ్ ఐలాండ్. దానికి థెమిస్కిరా అన్న పేరు 1987లో వచ్చింది.

రెండో అంశమైన మూలరచయిత ఉద్దేశం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ ప్రచారంలో అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది ఆయనకే. విలియం మౌల్టన్ మార్‌స్టన్ మనస్తత్వ శాస్త్రవేత్త. అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటులో వచ్చే మార్పును కొలిచే పరీక్షతో ముందే పేరు తెచ్చుకున్నవాడు. చార్లెస్ మౌల్టన్ అన్న కలంపేరుతో ఆయన రాయగా, హ్యారీ జి. పీటర్ బొమ్మలు గీసిన వండర్ వుమన్ 1941 చివర ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో తొలిసారి కనిపించింది. అందులో ఆమె హిప్పోలిటా కూతురు. తండ్రి ప్రస్తావన లేదు. పుట్టుక వివరంగా వచ్చింది 1942 వేసవిలో, ఆమె పేరుతోనే మొదలైన పత్రిక తొలి సంచికలో. మనిషి రూపాన్ని మలిచే విద్యను రాణి ఎథీనా దగ్గర నేర్చుకుని, ఒక పసిబొమ్మను చేసి, దానిమీద మమకారం పెంచుకుని ప్రార్థిస్తే, ప్రేమదేవత అఫ్రొడైటీ ఆ బొమ్మకు ప్రాణం పోసి, చంద్రదేవత పేరే డయానా అని పెట్టింది. అంటే ఆమెకు ఆ పేరు ఎలా వచ్చిందో మూలకథే చెప్పేసింది. జియస్‌తో చుట్టరికం కోసం వెతకనక్కర్లేదు. పార్వతి నలుగుపిండితో బాలుణ్ణి చేసి ప్రాణం పోసిన కథను ఏటా వినాయక చవితినాడు వినే తెలుగువాళ్లకు తండ్రి ప్రమేయం లేని ఇలాంటి పుట్టుక వింతగా తోచనక్కర్లేదు, అయితే ఇది పోలికే తప్ప ఒకదాని నుంచి మరొకటి వచ్చిందనడానికి ఆధారం కాదు.

తండ్రి లేకపోవడం మార్‌స్టన్ మరిచిపోయి వదిలిన ఖాళీ కాదు. ఆయన కథలో లోకం మీద పెత్తనం కోసం పోటీ పడేది మార్స్ (ఆరీస్‌కు రోమన్ పేరు), అఫ్రొడైటీ: ఒకరిది కత్తి, ఇంకొకరిది ప్రేమ. అమెజాన్లను సృష్టించింది అఫ్రొడైటీ. మార్స్ ఉసిగొల్పగా వచ్చిన హెర్క్యులిస్ (హెరాక్లీస్‌కే రోమన్ పేరు) పోరులో ఓడి, తరవాత మోసంతో నడికట్టు కాజేసి, వాళ్లను సంకెళ్లలో పెట్టాడు. దేవత సాయంతో బయటపడ్డ స్త్రీలు ఆ దాస్యం గుర్తుండేలా చేతులకు కంకణాలు ధరించి, మగవాళ్లు అడుగుపెట్టని ద్వీపానికి తరలిపోయారు. లోకాన్ని స్త్రీలే ఏలాలని బాహాటంగా రాసిన మనిషి అలాంటి ద్వీపంలో పుట్టిన ఏకైక బిడ్డకు, పరస్త్రీల వెంటపడటానికే పేరుపడ్డ దేవుణ్ణి తండ్రిగా పెట్టుకున్నాడంటే నమ్మేదెలా? పురాణాన్ని ఆయన యథాతథంగా తెచ్చుకున్నాడన్న మాట కూడా నిలవదు. ఎథీనా, అఫ్రొడైటీల గ్రీకు పేర్ల పక్కనే మార్స్, మెర్క్యురీ అన్న రోమన్ పేర్లను కలిపేసిన ఆ స్వేచ్ఛ చూస్తేనే అది అర్థమవుతుంది.

మట్టి కథ తరవాత వచ్చిన ముసుగన్న మూడో వాదనకు తేదీలే జవాబు. మట్టి కథ 1942 నాటిది. మార్‌స్టన్ 1947లో మరణించాక 1959లో తరవాతి రచయిత రాబర్ట్ కానిఘర్ దాన్ని పక్కనపెట్టి, అమెజాన్లు ద్వీపానికి చేరకముందే డయానా పుట్టినట్టు రాశాడు. అక్కడా తండ్రి జియస్ కాదు. 1987లో కామిక్సు రచయిత, చిత్రకారుడు జార్జ్ పెరెజ్ మట్టిని మళ్లీ తెచ్చాడు: పురుషుల చేతుల్లో హతులైన స్త్రీల ఆత్మలే అమెజాన్లుగా పునర్జన్మ పొందారనీ, గర్భవతిగా చంపబడ్డ హిప్పోలిటా పూర్వజన్మలోని ఆ పుట్టని బిడ్డ ఆత్మే మట్టిబొమ్మలోకి వచ్చిందనీ అన్నాడు. నా దృష్టిలో ఈ పాత్ర పుట్టుకకు ఇంతకన్నా బలమైన కల్పన ఇంతవరకు రాలేదు. ఆ పెరెజ్ కథల్లోనే జియస్ డయానాను తన ప్రియురాలిగా రమ్మని అడిగి, ఆమె కాదంటే ఆగ్రహిస్తాడు. ఒలింపస్ దేవుళ్లకు వావివరసల పట్టింపు తక్కువే గానీ, అప్పటికి ఆమె అతని బిడ్డ అన్న ఆలోచనే ఎవరికీ లేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

జియస్ తండ్రిగా ప్రధాన కథలోకి వచ్చింది 2011 నవంబరులో, బ్రయాన్ అజరెల్లో రచనతో, క్లిఫ్ చాంగ్ బొమ్మలతో సాగిన వరుస మూడో సంచికలో. హీరా పగ నుంచి బిడ్డను కాపాడుకోవడానికి తల్లి మట్టి కథ అల్లిందని అక్కడ చెప్పారు. "మట్టి కథ ముసుగు" అన్న మాట పుట్టింది ఆ మలుపులోంచే. దాన్ని పట్టుకుని అంతకు దాదాపు డెబ్బై ఏళ్ల ముందటి కథకు అంటగట్టడం కాలాన్ని వెనక్కి తిప్పడమే. ఆ వరుస సమర్థంగా రాసినదే, జియస్‌ను తండ్రిని చేయడం హెరాక్లీస్, పెర్సియస్ వంటి వీరుల జన్మకథల ఒరవడికి సరిపోతుంది కూడా. దాన్ని ఇష్టపడేవాళ్లతో పేచీ లేదు. అదే అసలుదన్నప్పుడే అభ్యంతరం.

ఇక బలం సంగతి. మార్‌స్టన్ దగ్గర డయానా ముసుగు ధరించి పోటీలో దిగి, తోటి అమెజాన్లను గెలిచి, మనుషుల లోకానికి వెళ్లే అర్హత సంపాదించుకుంది. ఆ కంకణాలకు మగవాడు గొలుసు బిగిస్తే ఆమె బలం పోతుందన్న నియమమూ ఉంది. తండ్రి రక్తంతో వచ్చిన బలమైతే గొలుసుతో పోవడమేమిటి? పెరెజ్ కథలో ఆమె శక్తులు డిమీటర్, ఎథీనా, ఆర్టెమిస్, అఫ్రొడైటీ, హెస్టియా, హెర్మిస్ ఇచ్చిన వరాలు. ఆరుగురిలో పురుషుడు ఒక్కడే, అతను కూడా జియస్ కాదు.

సినిమానే ప్రమాణమనేవాళ్లు అందులోని మరో మార్పును గమనించినట్టు లేరు. పాటీ జెంకిన్స్ దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో, జియస్ తన తండ్రి అన్న నిజం ఆరీస్ నోట వినకముందు, తన తల్లి తనను మట్టితో చేసిందని డయానా నమ్ముతూనే ఉంటుంది. అయితే ఆ మట్టికి ప్రాణం పోసినవాడిగా ఆమె చెప్పే పేరు జియస్. 1942లో ఆ పని చేసిన అఫ్రొడైటీ ఆ మాటలో ఎక్కడా లేదు.