పాల సీసా మీద 955 అంటే ఏమిటి?

హైదరాబాద్‌ తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థకు కూతవేటు దూరంలో ఉన్న ఒక కిరాణా దుకాణంలో మొన్న ఒక తల్లి, బడి నుంచి వచ్చిన కొడుక్కి 'నో యాడెడ్ షుగర్' అని పెద్ద అక్షరాల్లో రాసి ఉన్న బాదం పాలు కొనిచ్చింది. అదే సీసా నేనూ ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూస్తే, పదార్థాల జాబితా చివర ఆవగింజంత అక్షరాల్లో 'స్వీటెనర్ 955' అని ఇంగ్లీషులో ఉంది. 955 అంటే సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పదార్థమనీ, అది పంచదార కంటే దాదాపు 600 రెట్లు తియ్యగా ఉంటుందనీ ఆ తల్లికి ఎవరు చెప్పాలి?

సుక్రలోజ్, అలాంటిదే మరో తీపి పదార్థమైన ఆస్పర్టేమ్ విషాలని నేను అనడం లేదు. ఆస్పర్టేమ్‌ను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న వర్గంలో చేర్చిన 2023 జులైలోనే, రోజుకు కిలో శరీర బరువుకు 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చనక్కరలేదని నిపుణుల సంఘం తేల్చింది. అయితే ఒళ్లు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలను నమ్ముకోవద్దని అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మధుమేహం ఉన్నవారిని మాత్రం ఆ సలహా నుంచి మినహాయించింది. అంటే ఎవరికి పనికొస్తుంది, ఎవరికి అనవసరం అన్నది కొనేవారు తేల్చుకోవాల్సిన విషయం, అందుకు ముందు సీసాలో ఏముందో వారికి తెలియాలి.

అమెరికా పాడి పరిశ్రమ సంఘాలు 2009లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు పెట్టుకున్న అర్జీ ఈ సందర్భంలో చదవదగినది. ఆస్పర్టేమ్ వంటివి కలిపిన చాక్లెట్ పాలను సీసా ముందు భాగంలో 'తక్కువ క్యాలరీలు' అన్న మాట లేకుండానే అమ్ముకోనివ్వాలని, ఆ మాట పిల్లలను ఆకట్టుకోదని వారు వాదించారు. వెనుక జాబితాలో పేరు ఎలాగూ ఉంటుంది కదా అన్నది వారి ధీమా. చదివితే కొనరు కాబట్టి కనిపించనివ్వకండి అనడానికి ఇంతకంటే మర్యాదైన మాట ఉండదు.

అనుమతి ఉన్న పదార్థాలే వాడుతున్నామని, చిన్న సీసా మీద చోటు లేదని మన కంపెనీలు అంటాయి. మొదటిది నిజమే. రెండోదాని సంగతికొస్తే, సీసా ముందు భాగంలో బాదం పప్పుల బొమ్మకు చోటు దొరికింది.

నన్ను ఎక్కువగా బాధించేది భాష. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి హిందీలోనో ఉంటే చాలు. తెలుగులో రాయడం, రాయకపోవడం కంపెనీల ఇష్టం. బస్టాపుల్లో, టీవీల్లో కమ్మని తెలుగులో పాలు అమ్మే పరిశ్రమకు పదార్థాల జాబితా దగ్గరికొచ్చేసరికి ఆ తెలుగు ఎందుకో గుర్తుండదు. సీసా మీది ఒక్క మాట ఎంత చేటు చేయగలదో ఈ నగరానికి తెలుసు: ఇక్కడి శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాకే, 2025 అక్టోబరులో, తీపి పానీయాల పేర్లలో 'ఓఆర్ఎస్' (విరేచనాలకు ఇచ్చే ఉప్పు, చక్కెర ద్రావణం పేరు) వాడకూడదని జాతీయ ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అంతకుముందు సీసా మీద ఇది అసలు ఓఆర్ఎస్ కాదని ఒక వివరణ వాక్యం ముద్రిస్తే సరిపోతుందన్నదీ ఆ సంస్థే.

పాలలో సహజంగానే వంద మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాముల చక్కెర ఉంటుంది. దాన్ని దాచమని ఎవరూ అడగడం లేదు, పైన కలిపినదాన్ని చెప్పమంటున్నాం. ఈ రాష్ట్రంలో అమ్మే ప్రతి పాల సీసా, పెరుగు కప్పు మీద, 'నో యాడెడ్ షుగర్' ఉన్న వైపే, దానంత పెద్ద అక్షరాల్లో, 'సుక్రలోజ్ కలిపినది' అని తెలుగులో ఉండాలి, అంకెతో కాదు, పేరుతో.