మ్యాడిసన్ స్కౌట్స్ ఊపు తగ్గింది నిజమే, కారణాలు మాత్రం అవి కావు

వేసవి వచ్చిందంటే డ్రమ్ కోర్ (మైదానంలో నడుస్తూ వాయించే పోటీ బృందం) అభిమానుల మధ్య ఒక వాదన తిరగడం మొదలవుతుంది. అమెరికా స్కూళ్ళ మార్చింగ్ బ్యాండుల్లో మన పిల్లలూ వాయిస్తున్నారు కాబట్టి ఈ మధ్య తెలుగువాళ్ళ నోటా అదే వినిపిస్తోంది. దాని సారాంశం ఇది: "మ్యాడిసన్ స్కౌట్స్ ఒకప్పుడు స్టేడియం మొత్తాన్ని లేపి నిలబెట్టేది. మార్కులు వేసే పద్ధతి మార్చారు, స్పీకర్లు తెచ్చారు, అమ్మాయిల్ని చేర్చుకున్నారు, పాత పాటలు వదిలేశారు, ఇప్పటి పిల్లల్లో ఆ కసి లేదు. అందుకే చప్పబడింది. ఇవన్నీ వెనక్కి తిప్పేదాకా పాత సభ్యులెవరూ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు."

ఆ ఊపు తగ్గిందన్న బాధ నాకూ ఉంది. కానీ ఈ కారణాల్లో ఒక్కటీ తేదీల ముందు నిలబడదు. చివరి సలహా అయితే హాని చేసేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. డ్రమ్ కోర్‌లో ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్ ఉంటాయి. క్లారినెట్, ఫ్లూట్ లాంటివి ఉండవు. ఫుట్‌బాల్ మైదానంలో నడుస్తూ, పరిగెడుతూ పది పన్నెండు నిమిషాల ప్రదర్శన ఇస్తారు. మ్యాడిసన్ స్కౌట్స్ 1938లో విస్కాన్సిన్ రాజధాని మ్యాడిసన్‌లో బాయ్ స్కౌట్ల దళంగా మొదలైంది. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డీసీఐ) పోటీల్లో 1975లో, మళ్ళీ 1988లో ఛాంపియన్. 2000 తర్వాత మాత్రం ఫైనల్స్‌కు వెళ్ళే పన్నెండు కోర్‌లలో దానికి చోటు దొరకని ఏళ్ళు చాలానే ఉన్నాయి.

"మార్కుల పద్ధతి మారడంతో ఉత్సాహం చచ్చిపోయింది" అన్న మాటతో మొదలుపెడదాం. పాతకాలంలో 'టిక్' పద్ధతి ఉండేది. జడ్జి మైదానంలో తిరుగుతూ, కనబడిన ప్రతి తప్పుకూ మార్కులో పదో వంతు కోసేవాడు. ఆ పద్ధతి పోయి, చేసినదానికి మార్కులు కలుపుకుంటూ వెళ్ళే పద్ధతి 1984లో వచ్చింది. అందరూ కళ్ళకద్దుకునే మ్యాడిసన్ ప్రదర్శన 1988 నాటిది, అంటే పద్ధతి మారిన నాలుగేళ్ళకు. తప్పు దొర్లితే కోత పడుతుందన్న భయం ఉన్నచోట ఏ కోర్ అయినా ఆచితూచి వాయిస్తుంది. ఆ భయం తగ్గాకే గాలి నిండా పీల్చి ఊదే ధైర్యం వచ్చింది. ఇప్పటి మార్కుల్లోనూ వందకు నలభై జనరల్ ఎఫెక్ట్‌కే, అంటే చూసేవారి మీద ప్రదర్శన వేసే ముద్రకే.

జడ్జికి నచ్చేదీ జనానికి నచ్చేదీ ఎప్పుడూ ఒకటే అని నేననను. 1995లో మ్యాడిసన్ ప్రదర్శనను అభిమానులు ఈనాటికీ తలుచుకుంటారు, ఆ ఏడాది ఛాంపియన్ మాత్రం కావలియర్స్ అనే మరో కోర్. అంటే జనం ఊగిపోవడానికి కప్పు అక్కర్లేదని అప్పుడే తేలిపోయింది. మరి మార్కుల షీటును ఎందుకు తిట్టడం?

ఇక స్పీకర్లు. మైకులు, స్పీకర్లు వాడటానికి డీసీఐ 2004లో, సింథసైజర్లకు 2009లో అనుమతి ఇచ్చింది. "అప్పటినుంచే పాడైంది" అనేవాళ్ళు 2014లో బ్లూకోట్స్ ప్రదర్శన ఒక్కసారి చూడాలి. ఎలక్ట్రానిక్స్ కలిసిన ఆ ధ్వనిలో స్వరం మొత్తం ఒక్కసారిగా కిందికి జారుతుంటే స్టేడియంలో అరుపులు ఆగలేదు. కప్పు రాలేదు, రెండో స్థానం వచ్చింది. అదే కోర్ 2016లో పెద్ద పెద్ద ర్యాంపుల మీద నుంచి జారుతూ ఛాంపియన్ అయింది. జనం గొంతులో ఉత్సాహం ఎక్కడికీ పోలేదు.

నాకు నచ్చనిది లేకపోలేదు. సింథసైజర్ బేస్ గట్టిగా పెట్టినప్పుడు దాని కింద ట్యూబాలు (మంద్రస్వరాల పెద్ద ఇత్తడి బూరలు) మునిగిపోతాయి. అంతమంది పిల్లలు ఊపిరంతా పెట్టి ఊదింది ఒక వైరు మింగేస్తుంది. అది మిక్సింగ్ దగ్గర కూర్చున్నవారి తప్పు, సరిదిద్దుకోగలిగిందే. మార్పు అంటేనే చెడ్డది అనుకుంటే 1982కు ముందటి రోజులకు వెనక్కి వెళ్ళాలి. అప్పటిదాకా జైలోఫోన్ లాంటివి పట్టీలతో మెడకు తగిలించుకుని నడుస్తూ వాయించేవారు. వాటిని మైదానం ముందు నేల మీద పెట్టుకోనిచ్చింది 1982లోనే. 1988 ప్రదర్శన కూడా ఆ మార్పు తర్వాతదే. దాని మీద ఎవరూ కంప్లైంట్ చేయరు.

ఈ వాదనలో నాకు నిజంగా కోపం తెప్పించేది మూడో మాట: "అమ్మాయిల్ని చేర్చుకుని పాడుచేశారు." మ్యాడిసన్ స్కౌట్స్ ఎనభై ఏళ్ళు మగపిల్లల కోర్‌గానే ఉంది. అందరికీ తలుపులు తెరుస్తున్నట్టు ప్రకటించింది 2019లో. కోవిడ్ వల్ల 2020 సీజన్ రద్దయింది, 2021లో పోటీలు లేకుండా ప్రదర్శనలు మాత్రమే జరిగాయి. అంటే ఈ మార్పుతో పోటీకి దిగే అవకాశం 2022లోనే వచ్చింది. మరి అంతకు ముందు పదిహేనేళ్ళకు పైగా "పాత మ్యాడిసన్ ఏదీ?" అని అడుగుతూనే ఉన్నారు కదా. ఆ ఏళ్ళన్నింటిలో మైదానంలో ఉన్నది మగపిల్లలే. ఇంకా జరగని పనిని అంతకు ముందు జరిగినదానికి కారణంగా ఎలా చూపిస్తారు?

అన్నదమ్ముల్లా బతికామన్న పాత సభ్యుల అనుబంధాన్ని నేను తక్కువ చేయను. ఆ బెంగ నిజమైనదే. కానీ బెంగ వేరు, నింద వేరు. ఇరవైసార్లకు పైగా ఛాంపియన్ అయిన బ్లూ డెవిల్స్‌లో ఆడపిల్లలున్నారు. జనాన్ని ఊపేసిన ఫాంటమ్ రెజిమెంట్‌లో ఉన్నారు. పందొమ్మిదేళ్ళ అమ్మాయి మెలోఫోన్ అనే ఇత్తడి వాద్యం పట్టుకుని మైదానంలో పరిగెడుతూ పైస్వరం తప్పకుండా అందుకుంటుంటే, ఊపు తగ్గింది ఈమె వల్లే అనడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

పాత పాటల సంగతికి వస్తే కాస్త నెమ్మదిగా మాట్లాడాలి. ఆ పాటల మీద జనానికున్న మక్కువ నిజమైనదే. మ్యాడిసన్ అనగానే 'మలగేన్యా' అంటారు. క్యూబా సంగీతకర్త ఎర్నెస్టో లెకువోనా స్వరపరిచింది. మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ కొట్టించుకునే పద్యం లాంటిది. అది ఎప్పుడొస్తుందా అని జనం ముందే సర్దుకుని కూర్చుంటారు. 1988లో దాంతో గెలిచారు, 1996లోనూ వాయించారు. పాటను వదిలేశారన్నది నిజం కాదు. జనం అదే కోరడం, అది వాయించినప్పుడల్లా 1988తో పోల్చి పెదవి విరవడం, ఇదీ జరుగుతోంది.

ఆ నాటి ఊపు పాటలో మాత్రమే లేదు, ఊదిన తీరులో ఉంది. కంపెనీ ఫ్రంట్ అనే విన్యాసాన్నే తీసుకోండి. ఇత్తడి వాద్యాలవాళ్ళంతా మైదానం పొడవునా ఒకే గీతగా నిలబడి జనం వైపు నడిచి వస్తారు. ఐదు గజాలకు ఎనిమిది అడుగుల లెక్క, అంటే ఒక్కో అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. ఒక్కరు అంగుళం ఎక్కువ వేసినా గీత వంకర పోతుంది, పైన కూర్చున్నవారికి వెంటనే కనబడుతుంది. తల తిప్పకుండా ఓరచూపుతో పక్కవాడి భుజాన్ని చూసుకుంటూ, వాద్యాన్ని పైవరుసల మీదికి ఎత్తి, ఊపిరంతా ధారపోయాలి. చూసేవారికి వాళ్ళు మన మీదికే వస్తున్నారనిపిస్తుంది. ఇది ఏ పాటతోనైనా చేయొచ్చు. రోజుల తరబడి ఆ గీత మీదే కసరత్తు చేసే ఓపిక, పైస్వరాలు నిలబెట్టగల వాయిద్యగాళ్ళు ఉండాలి, అంతే.

పాతదాన్ని మళ్ళీ తెచ్చి గెలిచినవాళ్ళు లేరా? ఉన్నారు. ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌కు చెందిన ఫాంటమ్ రెజిమెంట్ 1980ల మొదట్లో స్వరకర్త ఖచతురియన్ 'స్పార్టకస్' సంగీతం వాయించి పేరు తెచ్చుకుంది. దాన్నే 2008లో మళ్ళీ పట్టుకుంది. అయితే పాత టేపును అనుకరించలేదు. బానిసల తిరుగుబాటును కథగా అల్లి, మైదానంలోనే నడిపింది. ఫైనల్స్‌లో బ్లూ డెవిల్స్ మీద 0.025 మార్కుల తేడాతో గెలిచింది. పాత సంగీతమే, కానీ ముందేం జరగబోతోందో ఆ రాత్రి జనానికి తెలియదు. పాత వీడియోలో చూసిందే మళ్ళీ చూపించమని అడిగేవాళ్ళు అసలు ఆ తెలియకపోవడాన్నే వద్దంటున్నారు. 1988 నాటి జనానికి దొరికింది మాత్రం అదే.

"ఇప్పటి పిల్లల్లో కసి లేదు" అన్నదానికి ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఎండాకాలమంతా స్కూలు జిమ్ నేల మీద పడుకుంటారు, రాత్రుళ్ళు బస్సులో ప్రయాణం, తెల్లారితే మళ్ళీ ఎండలో రోజంతా రిహార్సల్. పైగా దీనికి వేల డాలర్లు ఫీజు వాళ్ళే కట్టుకోవాలి. షోకి గంటన్నర ముందు పార్కింగ్ లాట్‌లో డ్రమ్ లైన్ వార్మప్ దగ్గర నిలబడి చూడండి. స్నేర్ డ్రమ్ములు వాయించేవాళ్ళ పుల్లలు ఒకే ఎత్తుకు లేచి ఒకే క్షణంలో పడతాయి, కళ్ళు మూసుకుంటే ఒక్కడే వాయిస్తున్నాడనిపిస్తుంది. బేస్ డ్రమ్ముల వరుసలో ఒక్కొక్కరికీ ఒక్కో దెబ్బే వస్తుంది, వరుసగా కలిస్తేనే దరువు. ఒకడు వెంట్రుకవాసి తడబడితే అందరికీ వినబడుతుంది. చుట్టూ మూగిన జనం కాళ్ళతో తాళం వేస్తుంటారు. కసి లేదనడానికి అక్కడ నిలబడినవాడికి నోరు రాదు.

మరి ఊపు ఎందుకు తగ్గింది? నాకు కనబడే కారణం పాటల్లోనూ పరికరాల్లోనూ లేదు, మనుషులు ఒకచోట నిలవకపోవడంలో ఉంది. 1970ల్లో అమెరికా అంతటా వందల కోర్‌లుండేవి. చర్చీలు, మాజీ సైనికుల సంఘాలు, స్కౌట్ దళాలు నడిపేవి. పిల్లాడు తన ఊళ్ళో చిన్న కోర్‌లో చేరి, అక్కడే నేర్చుకుని, పెద్ద కోర్‌లోకి వచ్చేవాడు. అన్న వాయించిన వరుసలోనే తమ్ముడు నిలబడేవాడు. ఇప్పుడా చిన్న కోర్‌లు దాదాపు కనుమరుగయ్యాయి. ఆడిషన్లు దేశమంతటికీ తెరిచి ఉంటాయి. టెక్సస్ పిల్లాడు విమానం ఎక్కి నచ్చిన కోర్ క్యాంపుకి వెళ్తాడు. సహజంగానే గెలిచే కోర్‌కే వెళ్తాడు.

వయసు పరిమితి వల్ల ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి బయటికి వెళ్ళిపోవాలి. అంటే ఒక్కొక్కరికి దొరికేది మూడు నాలుగు వేసవులే. కోర్ ఒక ఏడాది జారితే, అనుభవమున్న వాళ్ళు కొందరు వేరేచోటికి పోతారు. తర్వాతి ఏడాది కొత్తవాళ్ళకు నేర్పే సీనియర్లు తగ్గుతారు, ఇంకాస్త జారుతుంది. ప్రదర్శన రూపొందించేవాళ్ళు, శిక్షకులు కూడా కోర్ నుంచి కోర్‌కి మారుతుంటారు. మ్యాడిసన్ లాగా ఊదడం అనే పద్ధతి పుస్తకంలో రాసి ఉండదు. పక్కన నిలబడి నేర్పే మనిషి ఉంటేనే అది దిగుతుంది.

ఈ జారుడు నుంచి పైకి రావడం కుదరదని కాదు. బోస్టన్ క్రూసేడర్స్ 1940 నాటి కోర్. డీసీఐ ఫైనల్స్‌కు మొదటిసారి చేరింది 1999లో. 2017లో ప్రదర్శన రూపొందించే కొత్త బృందాన్ని తెచ్చుకుని, వాళ్ళతో ఏళ్ళ తరబడి పని చేయించుకుని, 2025లో తొలిసారి ఛాంపియన్ అయింది. అది 1970ల ప్రదర్శనకు నకలు తీసి గెలవలేదు.

ఆఖరుది విరాళాలు ఆపమన్న పిలుపు. శాంటా క్లారా వాన్‌గార్డ్ 2018లో ఛాంపియన్. ఐదేళ్ళు తిరిగేసరికి డబ్బుల్లేక 2023 సీజన్‌కు కోర్‌నే దింపలేకపోయింది, 2024లో గానీ తిరిగి రాలేదు. ఛాంపియన్‌కే అలాంటి గతి పడితే, కింద స్థానాల్లో ఉన్న కోర్‌కి విరాళాలు ఆగితే ఎవరికి బుద్ధి వస్తుంది? విరాళం వెళ్ళేది బస్సుల డీజిల్‌కి, రోజుకు నాలుగు పూటలు వండే ఫుడ్ ట్రక్కుకి, వాద్యాల రిపేరుకి, ఫీజు కట్టలేని పిల్లలకిచ్చే సాయానికి. అది ఆగితే బయటికి పోయేవాళ్ళు డిజైనర్లు కాదు, ఆ ఫీజు కట్టలేని పిల్లలు. పాత సభ్యులు నిజంగా మ్యాడిసన్ ఊపు మళ్ళీ చూడాలనుకుంటే డబ్బు ఇవ్వాలి, దాంతోపాటు శీతాకాలం క్యాంపుకి వెళ్ళి ఇత్తడి వాద్యాల వరుస పక్కన నిలబడాలి. 1988లో ఆ పైస్వరాలకు గాలి ఎక్కడ పీల్చారో, ఎంతసేపు నిలబెట్టారో తెలిసినవాళ్ళు వాళ్ళే. ఇప్పుడు యాభై దాటి ఉన్నారు, కావాలంటే ఈ ఏడాదే వెళ్ళొచ్చు.