ఎక్స్12 వస్తే ఎడిఫ్యాక్ట్ కూడా వచ్చేసినట్టేనా?

ఈడీఐ అంటే కంపెనీల కంప్యూటర్లు ఆర్డర్లు, బిల్లులు ఒక స్టాండర్డ్ ఫార్మాట్ ఫైళ్లుగా పంపుకునే పద్ధతి. దాని కోర్సుల గురించి ఒక ఫార్వర్డ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఏముందంటే, ఎక్స్12, ఎడిఫ్యాక్ట్ లాంటి స్టాండర్డ్స్ అన్నీ ఒకటే, పేర్లే వేరు, ఒకటి నేర్చుకుంటే చాలు అట. స్టాండర్డ్ కాబట్టి రెండు కంపెనీల్ని కలపడం గంట పని అట. 997 (ఫైల్ అందిందని అవతలి సిస్టమ్ పంపే రసీదు) వచ్చిందంటే ఆర్డర్ ఓకే అయినట్టట. ఏపీఐలు (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాంతో నేరుగా డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) వచ్చాక ఎలాగూ ఇదంతా పోతుందట. నాలుగూ తప్పే.

మొదటిది చూద్దాం. ఎక్స్12 అమెరికాది, 1979లో ఆన్సీ అనే అక్కడి స్టాండర్డ్స్ సంస్థ కింద కమిటీ వేసి మొదలుపెట్టారు. ఎడిఫ్యాక్ట్ ఐక్యరాజ్యసమితి తరఫున 80ల చివర్లో వచ్చింది, యూరప్‌లో ఎక్కువ వాడతారు. పర్చేజ్ ఆర్డర్‌ని ఒకరు 850 అంటారు, ఇంకొకరు ఆర్డర్స్ అంటారు, ఇంతవరకే అయితే పేర్ల తేడానే అనుకోవచ్చు. కానీ ఫైల్ తెరిచి చూడండి. ఎక్స్12లో ఒక ఐటమ్ క్వాంటిటీ, యూనిట్, రేటు, కోడ్ అన్నీ పీఓ1 అనే ఒక్క సెగ్మెంట్‌లో (ఫైల్‌లో ఒక వరుస లాంటిది) ఉంటాయి, ఎడిఫ్యాక్ట్‌లో అవే ఎల్ఐఎన్, క్యూటీవై, పీఆర్ఐ అని విడివిడిగా వస్తాయి. ఎక్స్12 ఫైల్ మొదట్లో ఉండే ఐఎస్ఏ సెగ్మెంట్ సరిగ్గా 106 క్యారెక్టర్లు ఉండాలి, సెండర్ ఐడీ చిన్నదైతే 15 అయ్యేదాకా స్పేసులు నింపాలి, ఎందుకంటే సెపరేటర్ (ఫీల్డ్‌ల మధ్య పెట్టే గుర్తు) ఏంటో చాలా పార్సర్లు (ఫైల్ చదివే ప్రోగ్రాములు) ఆ పొజిషన్లు లెక్కపెట్టే తెలుసుకుంటాయి, ఎవరో అనవసరం అనుకుని ఆ స్పేసులు కొట్టేశారంటే ఫైల్ మొత్తం తుస్సుమంటుంది. ఎడిఫ్యాక్ట్‌లో తలనొప్పి వేరే. అక్కడ సెగ్మెంట్ మామూలుగా సింగిల్ కోట్‌తో ముగుస్తుంది, కస్టమర్ పేరు ఓ'బ్రయన్ అనుకోండి, ఆ కోట్ ముందు ప్రశ్నార్థకం పెట్టకపోతే సెగ్మెంట్ పేరు మధ్యలోనే అయిపోతుంది. ఎక్స్12 4010, 5010 వెర్షన్లలో ఇలా ముందు గుర్తు పెట్టి తప్పించుకునే ఎస్కేప్ సదుపాయం లేదు, డేటాలో రాని క్యారెక్టర్‌నే సెపరేటర్‌గా పెట్టుకోవాలి. ఒకటి వస్తే రెండోది తొందరగా వస్తుంది, అది నిజమే, కానీ దానంతటదే రాదు.

గంట పని అన్నారు చూడండి, ఇది రాసినవాళ్లు ఒక్క పార్ట్‌నర్‌నైనా ఆన్‌బోర్డ్ చేశారా అని నా డౌట్. స్టాండర్డ్‌లో బోలెడన్ని ఫీల్డ్‌లు ఆప్షనల్‌గా ఉంటాయి, అందులో ఏవి తప్పనిసరి, ఏ కోడ్‌లు వాడాలి అనేది ప్రతి పెద్ద కంపెనీ తన గైడ్‌లో తనే రాసుకుంటుంది, పైగా ఒకరు 4010 అంటారు ఇంకొకరు ఎడిఫ్యాక్ట్ వెర్షన్ డీ96ఏ అంటారు. హైదరాబాద్‌లో అమెరికా హెల్త్‌కేర్ ప్రాజెక్టులు చేసేవాళ్లని అడగండి. 1996 నాటి హిపా అనే హెల్త్ ఇన్సూరెన్స్ చట్టమే అక్కడ స్టాండర్డ్‌ని తప్పనిసరి చేసింది, 2012 జనవరి నుంచి 837 (ఇన్సూరెన్స్ కంపెనీకి ఆసుపత్రి పంపే క్లెయిమ్) అంటే 5010 వెర్షనే. ఇంత గట్టి రూల్ ఉన్నచోట కూడా ఇన్సూరెన్స్ కంపెనీలు మళ్లీ కంపానియన్ గైడ్ అని ఒకటి చేతికిస్తాయి, టెస్టింగ్ అంతా దాంతోనే నడుస్తుంది.

అన్నట్టు ఆ ఫార్వర్డ్ ఏఎస్2ని కూడా ఈ లిస్టులోనే కలిపేసింది. ఏఎస్2 ఫైల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి చేరవేసే పద్ధతి, లోపల ఎక్స్12 ఉందా ఎడిఫ్యాక్ట్ ఉందా దానికి పట్టదు.

997 సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మీ ఫైల్ అందింది, సింటాక్స్ బాగుంది అని మాత్రమే అది చెప్తుంది. ఐటమ్ కోడ్ వాళ్ల ఐటమ్ లిస్టులో లేకపోయినా 997 శుభ్రంగా యాక్సెప్టెడ్ అనే వస్తుంది. ఆర్డర్ ఒప్పుకున్నారా, డేట్ మార్చారా అన్నది 855లో (ఆర్డర్‌కి అమ్మేవాడిచ్చే జవాబు) చూడాలి, ఇది తెలియక 997 చూసి సరుకు ప్లాన్ చేసుకుంటే దెబ్బైపోతారు.

ఇక ఏపీఐ. మన జీఎస్టీ ఈ-ఇన్వాయిస్‌నే తీసుకోండి, 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లతో మొదలై 2023 ఆగస్టుకి 5 కోట్ల దాకా దిగింది, అంతా జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్, ఏపీఐతోనూ పంపొచ్చు. మరి అందులో ఎవరిష్టమొచ్చిన ఫీల్డ్ వాళ్లు పెట్టుకోవచ్చా? లేదు, ప్రభుత్వం ఇచ్చిన స్కీమాకి (ఏ ఫీల్డ్ ఎలా ఉండాలో చెప్పే నమూనా) అతుక్కునే ఉండాలి, లేకపోతే ఐఆర్ఎన్, అంటే ఇన్వాయిస్‌కి ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్, రాదు. అంటే అక్కడా స్టాండర్డ్ ఉంది, బట్టలు మారాయంతే. రెండు ప్రైవేటు కంపెనీల మధ్య అలాంటి స్కీమా ఏదీ లేకుండా ఏపీఐ పెట్టుకుంటే ఏమవుతుందో చెప్తా. ఎడిఫ్యాక్ట్‌లో తేదీ చెప్పే డీటీఎం సెగ్మెంట్ పక్కన 137 ఉంటే డాక్యుమెంట్ తేదీ, 2 ఉంటే కొన్నవాడు అడిగిన డెలివరీ తేదీ, కోడ్ చూస్తే తెలిసిపోతుంది. అవతలివాళ్లు జేసన్‌లో ఊరికే "డేట్" అని రాసి పంపితే అది ఏ తేదీయో మెయిల్ పెట్టి అడగాల్సిందే, వాళ్లేమో సోమవారం చెప్తాం అంటారు.