బావి ఉంది, మోటారు తిరగదు

గాలిదుమారం లేస్తే మన ఊళ్లలో ముందు పోయేది కరెంటే. లైన్‌మనే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఫీడర్ ఆపిస్తాడు. వదులుగా వేలాడే తీగలు ఒకదానికొకటి రాసుకుని గడ్డివామి మీద రవ్వలు రాలడం ఒక్కసారైనా చూసిన రైతు ఆ కోతను తిట్టుకోడు. ఇదే జాగ్రత్తను కాలిఫోర్నియా విద్యుత్ సంస్థలు ఇప్పుడు లక్షల ఇళ్లకు ఒకేసారి అమలు చేస్తున్నాయి. అక్కడ వేసవి ముగిసేసరికి కొండల మీది గడ్డి వరిగడ్డిలా ఎండిపోతుంది. సెప్టెంబరు దాటాక లోపలి ఎడారుల వైపు నుంచి సముద్రం మీదికి పొడిగాలి విరుచుకుపడుతుంది. ఉత్తరాన దాన్ని డయాబ్లో అంటారు, దక్షిణాన శాంటా ఆనా. ఆ గాలి వస్తోందని వాతావరణ కేంద్రం ‘రెడ్ ఫ్లాగ్’ హెచ్చరిక ఇచ్చిందంటే, ప్రమాదం ఉన్న లైన్లకు ముందుగానే కరెంటు తీసేయవచ్చు. అది ఒక పూటే కావచ్చు, రెండు మూడు రోజులూ కావచ్చు. ఫ్రీమాంట్, శాన్ రామోన్, శాన్ హోసే చుట్టుపక్కల స్థిరపడిన మన పిల్లలకు, వారి దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు ఇది దూరపు వార్త కాదు.

ఈ కోత ఇంత విస్తృతం ఎందుకైందో తెలియాలంటే ఒక ఇనుప కొక్కెం కథ తెలియాలి. 2018 నవంబరు 8 తెల్లవారుజామున బ్యూట్ కౌంటీలో, పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన ఒక హైటెన్షన్ టవర్ మీద ఆ కొక్కెం విరిగింది. దాని వయసు దాదాపు నూరేళ్లు. ఏళ్ల తరబడి గాలికి ఊగి, ఒరుసుకుని, అరిగిపోయింది. దాన్ని పట్టుకుని ఉన్న తీగ జారి టవర్‌కు తగిలింది. కరిగిన లోహం ఎండుగడ్డి మీద పడింది. అదే రోజు పారడైజ్ అనే పట్టణం బూడిదైపోయింది. 85 మంది ప్రాణాలు పోయాయి, 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. 2020 జూన్‌లో ఆ సంస్థ 84 మంది మరణాలకు సంబంధించి కోర్టులో నేరం ఒప్పుకుంది. హవాయిలోని లహైనా పట్టణంలో 2023 ఆగస్టు 8న 102 మంది మరణించేనాటికి, అక్కడి విద్యుత్ సంస్థకు గాలి రోజుల్లో ముందుగా కరెంటు తీసే పద్ధతే లేదు. మరుసటి ఏడాది ప్రారంభించింది. కాబట్టి మా అభిప్రాయంలో తడబాటు లేదు. అలాంటి గాలి వీచేటప్పుడు కరెంటు తీయాల్సిందే.

అయితే స్విచ్ తీయడంతో ప్రమాదం పోదు, చేతులు మారుతుంది. తీగ మీద ఉన్న భయం ఇంట్లోకి వస్తుంది. 2019 అక్టోబరులో జరిగింది చూడండి. పసిఫిక్ గ్యాస్ సంస్థ ఒకే విడతలో 7 లక్షలకు పైగా కనెక్షన్లు ఆపింది. 20 లక్షల మందికి పైగా చీకట్లో ఉన్నారు. తమ వీధి ఆ జాబితాలో ఉందో లేదో చూసుకుందామంటే సంస్థ వెబ్‌సైటే కుప్పకూలింది. అదే నెలాఖరు కోతల్లో మారిన్ కౌంటీలో సగానికి పైగా సెల్ టవర్లు మూగబోయాయి. కార్చిచ్చు వస్తే ఊరు ఖాళీ చేయమని చెప్పాల్సింది ఆ ఫోన్లలోనే కదా! ఆ ఏడాది కోతల్లో జరిగిన లోపాలకు నియంత్రణ సంస్థ తర్వాత 10.6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ప్రమాదకర ప్రాంతాల సెల్ టవర్లకు 72 గంటల బ్యాకప్ ఉండాలన్న నిబంధన 2020లో వచ్చింది. ఇన్ని కోతలు పెట్టినా ఆ 2019 అక్టోబరులోనే సోనోమా కౌంటీలో కిన్‌కేడ్ కార్చిచ్చు రేగింది. చుట్టుపక్కల ఊళ్లకు కరెంటు తీసి, పెద్ద లైనును మాత్రం అలాగే ఉంచారు. దాని జంపర్ తీగే, అంటే టవర్ దగ్గర లైన్లను కలిపే తీగే, తెగింది. 77 వేల ఎకరాలకు పైగా కాలింది.

ప్రజలకు ఇచ్చే సలహాల్లో మొదటి మాట టార్చిలైటు గురించి కాకుండా, ఊపిరి గురించి ఉండాలి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద బతుకుతున్నవారు, రాత్రి నిద్రలో ఊపిరికి సాయపడే సీపాప్ యంత్రం పెట్టుకునేవారు, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ దాచుకునేవారు ఏ వీధిలోనైనా ఉంటారు. ఇంట్లో వైద్య పరికరం మీద ఆధారపడేవారి కోసం అక్కడ ‘మెడికల్ బేస్‌లైన్’ అనే పథకం ఉంది. డాక్టరు ధ్రువీకరించిన ఫారం ఇస్తే కరెంటు బిల్లు తగ్గుతుంది, కోతకు ముందు ప్రత్యేకంగా కబురు కూడా వస్తుంది. బిల్లు రాయితీయే కదా అని వదిలేయకూడదు. ఆ కబురే ఇందులో అసలు విలువ. కానీ ఈ పథకం ఇంట్లో స్థిరంగా ఉండేవారి కోసం. ఆరు నెలలకని వెళ్లిన అమ్మానాన్నల సంగతి ఇంటివారే చూసుకోవాలి. నాన్నగారి సీపాప్‌కు సరిపోయే బ్యాటరీ, అమ్మ ఇన్సులిన్‌కు ఐస్‌ప్యాక్‌లు, ఒక చల్లని పెట్టె ముందే సిద్ధంగా ఉండాలి.

ఇక గ్యారేజీ తలుపు. 2017 అక్టోబరు కార్చిచ్చుల్లో కరెంటు పోయి, మోటారు తలుపు తెరుచుకోక ఇళ్లలో చిక్కుకుపోయిన వృద్ధులు ఉన్నారు. అందుకే 2019 జులై నుంచి కొత్తగా బిగించే మోటారుకు బ్యాటరీ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. పాత ఇళ్లలో మోటారు పట్టాల నుంచి ఒక ఎర్ర తాడు వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగితే తలుపు మోటారు పట్టు నుంచి విడిపోతుంది, ఆపైన చేత్తో ఎత్తాలి. అది పెద్దవాళ్లకు బరువు కావచ్చు. పగటి వెలుతురులో, తీరిగ్గా, ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒకసారి ఎత్తించి చూడండి. వారు ఎత్తలేకపోతే కారు బయటే పెట్టుకోవాలి. ఎలక్ట్రిక్ కారైతే హెచ్చరిక రాగానే చార్జింగ్ నింపుకోవాలి.

పైకప్పు మీద సోలార్ ఉంది కదా అని ధీమాగా ఉండేవారికి ఒక మాట. బ్యాటరీ లేని సోలార్, గ్రిడ్ ఆగగానే తానూ ఆగిపోతుంది. ఆగకపోతే తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు కాబట్టే అలా తయారు చేశారు. జనరేటర్‌ను గోడ ప్లగ్గులో పెట్టడం కూడా అతని ప్రాణం మీదికి తెచ్చే పనే. గ్యారేజీలో నడిపితే ఆ పొగ ఇంట్లోవాళ్లనే చంపుతుంది.

ఊరికి దూరంగా, కొండల్లో ఉండేవారి కష్టం మరోరకం. వారికి మునిసిపల్ కుళాయి ఉండదు, బోరుబావే దిక్కు. కరెంటు తీస్తే పంపు ఆగుతుంది. తాగడానికి నీళ్లుండవు, ఎగిరివచ్చిన రవ్వను ఆర్పడానికి బకెట్ నీళ్లు కూడా రావు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అని మనం అంటాం. వీరికి బావి ఎప్పుడో తవ్వి ఉంది. ఇక్కడ ఓ వెయ్యి లీటర్ల ట్యాంకు, మోటారును తిప్పగల బ్యాటరీ ఉంటే చాలు, కానీ వాటిని కొనగలిగేవారు ఎందరు? డబ్బున్న కుటుంబం వారాంతంలో బ్యాటరీ బిగించుకుంటుంది. అద్దెకుండేవారు, పింఛను మీద బతికే వృద్ధులు ఏం చేస్తారు? ఉచితంగా బ్యాటరీలు ఇచ్చే పథకాలు ఉన్నా అవి కొందరికే అందుతున్నాయి. అందరి భద్రత కోసం తీసే కరెంటుకు మూల్యం బలహీనుడు చెల్లించడం అన్యాయం. మెడికల్ బేస్‌లైన్‌లో ఉన్న ప్రతి ఇంటికీ, బోరు మీదే ఆధారపడ్డ ప్రతి పేద ఇంటికీ బ్యాటరీ ఇవ్వడం విద్యుత్ సంస్థల వంతు కావాలి. 2021లో పసిఫిక్ గ్యాస్ సంస్థ 10 వేల మైళ్ల తీగలను భూమిలోకి దించుతామంది. ఆ పని పూర్తయ్యేదాకా కోతలు తప్పవు కనుక, ఆ లోగా కోతలో బతికే ఏర్పాటూ దాని బాధ్యతే.

గాలి ఆగగానే కరెంటు వస్తుందనుకోకూడదు. కొమ్మ పడిందా, తీగ తెగిందా అని సిబ్బంది మైళ్ల పొడవునా లైనును కళ్లతో చూసి గానీ కరెంటు వదలరు. సాయంత్రం గాలి తగ్గితే ఆ పరిశీలన చాలాచోట్ల తెల్లారేదాకా ఆగుతుంది. అంతసేపు ఇక్కడ గుంటూరులోనో, వరంగల్‌లోనో తల్లిదండ్రులు ఫోన్ కలవక అల్లాడిపోతారు. కోత లేని రాష్ట్రంలో ఉన్న బంధువు ఎవరికి ముందుగా మెసేజ్ పెట్టాలో, ఇక్కడివారు ఎవరిని అడగాలో ఇప్పుడే మాట్లాడుకోండి. వచ్చే ఆదివారం వీడియో కాల్‌లో ఆ నంబరు రాయించుకోండి. ఆ ఎర్ర తాడు లాగి చూశారా అని కూడా అడగండి.