చెక్కలో విషం, చెంబులో పాలు

మనిషి తినడానికి పనికిరాదని తేలిన గింజను మన ఊళ్లలో ఎవరూ పారబోయరు, పశువు ముందు పెడతారు. వానకు తడిసి నల్లబడిన మొక్కజొన్న, ముక్కవాసన వచ్చే తవుడు, బూజుపట్టిన వేరుశనగ చెక్క కుడితి తొట్టిలో చేరుతుంటే మనకు అది తప్పుగా కూడా తోచదు. నోరులేని జీవం ఫిర్యాదు చేయదు కదా! అయితే తిన్న విషంలో కొంత వాటాను ఒకటి రెండు రోజుల్లోనే పాలలో మనకు తిరిగి ఇచ్చేస్తుంది.

బూజు పుట్టించే ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు, కారణం వెతికిన శాస్త్రవేత్తలకు అది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో కనబడింది. ఈ విషం లోకానికి పరిచయమైందే దాణా బస్తాలోంచి! 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని, కాలేయం చెడి వందమందికి పైగా మరణించారు. మనుషులతో పాటు ఊరకుక్కలూ చచ్చిపోయాయి. ఆ విషాదాన్ని పరిశోధించి ప్రపంచానికి చెప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. అర్ధశతాబ్దం కిందటే ఇంత తెలిసిన దేశం మనది.

2018లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. ఆరోగ్యానికి చేటుచేసే కల్తీ దొరికింది 12 నమూనాల్లో. పశువు తిన్న అఫ్లాటాక్సిన్ పాలలోకి దిగే రూపమైన ఎం1 పరిమితి దాటినవి 368. తమిళనాడు, ఢిల్లీ, కేరళ ముందు వరుసలో ఉన్నాయి. విడిపాల కంటే శుద్ధిచేసిన పాలలోనే సమస్య ఎక్కువగా ఉందని కూడా తేలింది. యూరియా పాలు, డిటర్జెంటు పాలు అంటూ మాతో సహా పత్రికలన్నీ పెద్ద అక్షరాల శీర్షికలు పెట్టాయి. బూజు విషం ఏ మూలనో చిన్న వార్తయింది.

కాచినా, పాశ్చరైజ్ చేసినా ఇది పోదు. పెరుగుగా తోడుపెట్టినా పోదు. అఫ్లాటాక్సిన్లు మనుషులకు కేన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది. ఇంట్లో అందరికంటే ఎక్కువ పాలు తాగేది పసిపిల్లలు.

ఒక చిన్న లెక్క చూద్దాం. కిలోకు 100 మైక్రోగ్రాముల విషమున్న దాణాను గేదె రోజుకు 5 కిలోలు తింటే 500 మైక్రోగ్రాములు లోపలికి వెళ్తాయి. అందులో 2 శాతమే పాలలోకి దిగిందనుకున్నా 10 మైక్రోగ్రాములు. 8 లీటర్లిచ్చే గేదె పాలలో లీటరుకు 1.25 వస్తుంది. మన పరిమితి 0.5. పోనీ, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) అనుమతించే 20 మైక్రోగ్రాముల దాణానే పెట్టారనుకుందాం. అప్పుడు లీటరుకు 0.25. మన చట్టానికి అది మంచి పాలే, ఐరోపా పరిమితికి మాత్రం ఐదింతలు.

తప్పు రైతు నెత్తిన రుద్దడం సులువు. అనంతపురం లాంటి చోట్ల వేరుశనగ కాయ ఊరే వేళ బెట్ట తగిలితే నేలలోనే బూజు పడుతుంది. మొక్కజొన్నకు కల్లం లేక రోడ్డే దిక్కు. మబ్బు పట్టగానే టార్పాలిన్ వెతుక్కోవాలి. వేరుశనగ నుంచి నూనె తీసినప్పుడు విషంలో అధికభాగం చెక్కలోనే ఉండిపోతుంది. నూనెను శుద్ధిచేసి మనం తీసుకుంటాం, చెక్కను పశువుకు వదిలేస్తాం. పెద్ద కోళ్ల సంస్థలకు సరుకు కొనే ముందు తేమ, బూజు చూసుకునే స్తోమత ఉంది. రెండు గేదెల ఇల్లాలు మాత్రం దుకాణదారు మాట నమ్మి బస్తా తెచ్చుకుంటుంది. పాల కేంద్రంలో ఆమెకు వెన్నశాతం చీటీ ఇస్తారు. దాణాలో ఏముందో చెప్పే చీటీ ఎవరూ ఇవ్వరు.

అందుకే కాపలా ఉండవలసింది పాల కేంద్రం దగ్గర కాదు, దాణా మిల్లు గేటు దగ్గర. పశుదాణాకు బీఐఎస్ ప్రమాణం తప్పనిసరి చేస్తామని ఆహార భద్రత సంస్థ ప్రకటించింది, తర్వాత గడువును వాయిదా వేసింది. పరిశ్రమకు ఇబ్బందట! పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చౌకగా అఫ్లాటాక్సిన్ పరీక్ష చేసే పద్ధతిని ఎప్పుడో రూపొందించింది. దాన్ని మార్కెట్ యార్డుల దాకా తేవడానికి, మండలానికో ధాన్యం ఆరబెట్టే యంత్రం పెట్టడానికి రాష్ట్రాలు ఢిల్లీ వైపు చూడనక్కరలేదు.

ఇంకొక ప్రశ్నకు కూడా జవాబు కావాలి. బూజు ఎక్కువని ఎగుమతికి పనికిరాకుండా పోయిన వేరుశనగ, గోదాములో చెడిపోయిన మొక్కజొన్న ఎవరు కొంటున్నారు, ఏ మిల్లుకు చేరుతున్నాయి? ఆ లారీల లెక్క రాయడంతోనే అధికారులు పని మొదలుపెట్టవచ్చు.